చోటు మారిన ‘కూడా’

మా తోడికోడలిని మా చుట్టుపక్కల చాలామంది ‘కూడా డాక్టరమ్మ’ అంటారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. వరసకి నాకు అక్క, నేనూ అలాగే పిలుస్తాను కాబట్టి ఇక్కడా అక్క అనే రాస్తాను. ఆ పేరు ఆవిడకి చదువే తెచ్చిపెట్టింది. మొదట ఆవిడ పశువుల డాక్టరు. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఇంక స్థిమితంగా ఉంటుందిలే అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటున్న వేళ మళ్ళీ పుస్తకాలు ముందేసుకుంది. అంటుజబ్బు ఎక్కడ పుడుతుంది, ఎటు నడుస్తుంది, మనిషి నుంచి పశువుకి పోతుందా, పశువు నుంచి మనిషికి వస్తుందా, మధ్యలో నీళ్ళూ మట్టీ ఏం చేస్తాయి, అదీ ఆ చదువు. మా అత్తగారికి దాని పేరు ఇప్పటికీ నోరు తిరగదు. ఎవరైనా అడిగితే “జబ్బుల వెంట తిరిగే చదువు” అని చెప్తుంది. ఆలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

జ్వరం వచ్చిందంటే మామూలు డాక్టరు మనిషిని చూసి ఊరుకుంటాడు. అక్క మనిషిని చూశాక “పశువులున్నాయా? వాటిని కూడా చూడాలి” అంటుంది. పశువులయ్యాక తాగే నీళ్ళు కూడా, పెరటి కాలవ కూడా, ఆ కాలవలో తిరిగే ఎలుకలు కూడా. ఒకసారి మా ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన దగ్గితే, ఆయన్ని వదిలేసి ఆయన పెంచుకునే కుక్క ఎలా ఉందని ఆరా తీసింది. ఆయన నొచ్చుకున్నాడు. అప్పట్నుంచీ రాకపోకలు అంతంతమాత్రమే.

నేను ఇంట్లో మిషను మీద బట్టలు కుడతాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో పేరు. ఆ పేరుకి న్యాయం చేద్దామనే ఇది రాస్తున్నాను. అక్క రాయదు, రాయమన్నా రాయదు.

ఆవిణ్ణి ఆ చదువులోకి దింపింది ఒక డాక్టరు. పెద్దాసుపత్రిలో జ్వరాల వార్డు ఆయనది. అక్క ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, అదేదో మర్యాదకి అన్న మాట కాదు. ఆవిడకి తోడబుట్టినవాళ్ళు లేరు. చంటిపిల్లతో పరీక్షలకి కూర్చున్నప్పుడు ఆయన భార్య పిల్లని చూసుకుంది, ఆయన పాఠాలు చెప్పాడు. మా బావగారు “ఎందుకొచ్చిన తంటా” అని సణిగితే ఆయనే వచ్చి పక్కన కూర్చుని నచ్చజెప్పాడు. చదువయ్యాక ఇద్దరూ కలిసి పనిచేశారు. జ్వరాలు ఎక్కడ మొదలైనా మనుషుల సంగతి ఆయన, పశువులూ ఎలుకలూ నీళ్ళ సంగతి అక్క. ఆయన మా ఇంటికొస్తే మా అత్తగారు మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి తనే లేచి టీ పెట్టేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పరాయివాడు చేసి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేవాళ్ళం.

మా వీధి చివర పల్లంలో ఒక సందు ఉంది. ఒకపక్క ధాన్యం గోదాములు, ఇంకోపక్క పెద్దాసుపత్రి వెనక గోడ. సందు కొసన పాలావిడ కొట్టం. సందులో చిన్నాపెద్దా అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. కొడుకు ఎక్కడో లారీ తోలతాడు, ఇంట్లో ఆవిడా కోడలూ ఉంటారు. ఆవులే ఆవిడ బతుకుతెరువు, ఆవిడకి కాలక్షేపమూ అవే. పాలు పితుకుతూ వాటితో చుట్టరికాలు కలిపి మాట్లాడేది. దగ్గరికొచ్చినవాళ్ళందర్నీ తన్నే ముసలి ఆవుని “మా అత్తగారు” అనేది. ఒకరోజు మా అత్తగారు పక్కనుండగానే అలా అంది. నేను నవ్వాపుకోలేక చెంబు కింద పడేశాను.

ఆ ఏడు వానల ముందు ఆసుపత్రివాళ్ళు బళ్ళు నిలుపుకోడానికని వెనక స్థలం మెరక చేయించి, గోడ పొడిగించారు. గోడ కిందుగా పోయే కాలవ మూసుకుపోయింది. కట్టినవాళ్ళకి ఆ కాలవ కనపడలేదో, కనపడినా మనకెందుకులే అనుకున్నారో నాకు తెలీదు. వానలు పడ్డాయి. సందంతా చీలమండల దాకా నల్లటి నీళ్ళు నిలబడిపోయాయి. గోదాముల కింద బొరియలు మునిగి ఎలుకలు పైకొచ్చాయి. జనం చెప్పులు చేత్తో పట్టుకుని అందులోంచే నడిచారు. ఆవులు పగలూ రాత్రీ అందులోనే నిలబడ్డాయి.

తర్వాత జ్వరాలు మొదలయ్యాయి. కళ్ళు నిప్పుల్లా ఎర్రబడటం, పిక్కలు పట్టేసి అడుగు తియ్యలేకపోవడం, కొందరికి ఒళ్ళు పచ్చబడటం. గోదాములో మూటలు మోసే ఒక మనిషి చనిపోయాడు. అటు పెద్దమ్మ కొట్టంలో ఒక చూడి ఆవు నెలలు నిండకుండానే ఈచుకుపోయింది, దూడ దక్కలేదు, మిగతావి పాలు తగ్గించేశాయి. అన్నయ్యా అక్కా రంగంలోకి దిగారు.

పెద్దమ్మ దగ్గరికి అక్కని తీసుకెళ్ళింది నేనే. ఆవులకి రక్తపరీక్ష అనేసరికి పెద్దమ్మ వెనక్కి తగ్గింది. ఆవిడ భయం ఆవిడది. ఆవులకి జబ్బుందని తెలిస్తే ఒక్కరూ పాలు పోయించుకోరు. కొట్టం ఊళ్ళోంచి ఎత్తెయ్యమంటారు. అక్క ఆ బురదలోనే నిలబడి ఓపిగ్గా చెప్పింది.

“పెద్దమ్మా, మీ ఆవులకి జబ్బు ఉండొచ్చు. ఉన్నా అది వాటివల్ల వచ్చింది కాదు. మనుషులకి ఎలా అంటిందో వాటికీ అలాగే అంటింది. నేను అదే రాస్తాను. మీ కొట్టం జోలికి ఎవరూ రాకుండా చూసే పూచీ నాది.”

పెద్దమ్మ ఒప్పుకుంది. ఒక్కొక్క ఆవు దగ్గరికీ తనే వెళ్ళి, మెడ నిమురుతూ తల వంచి పట్టుకుంది. అక్క మెడ దగ్గర సూది గుచ్చి రక్తం తీసింది. ‘అత్తగారు’ ఆవు తన్నబోతే “ఊరుకోవే, మనింటి పిల్లే” అని గదమాయించింది. ఆ రోజు నీళ్ళు కూడా సీసాల్లో పట్టాం, గోదాముల్లో ఎలుకల బోనులు పెట్టాం. నేను చీదరించుకుంటూనే పెట్టె మోశాను.

పరీక్షల్లో అన్నిట్లోనూ ఒకే క్రిమి దొరికింది. ఆవుల ఛాయలకే పోనివాళ్ళకి, బయట కొన్న పొడిపాలు తాగేవాళ్ళకి కూడా జ్వరం వచ్చింది. వాళ్ళందరూ చేసింది ఒక్కటే, ఆ నీళ్ళలో నడవడం. ఎలుకల ఉచ్చ నీళ్ళలో కలిసింది, నీళ్ళు మనుషులకీ ఆవులకీ అంటించాయి. అక్క నా మిషను బల్ల దగ్గర కూర్చుని గోడ మీద అంటించే ప్రకటన రాసింది. రాసి, మామూలు జనానికి అర్థమవుతుందో లేదో చూడమని నాకిచ్చింది. పెద్ద పెద్ద మాటలన్నీ నేనే కొట్టేయించాను. చివరికి మిగిలింది ఇది:

“ఈ సందులో నిలిచిన నీళ్ళలో జబ్బు క్రిమి ఉంది. ఎలుకల నుంచి అది నీళ్ళలో చేరింది. ఆ నీళ్ళలో తిరిగిన మనుషులకి జబ్బు వచ్చింది. ఆవులకి కూడా వచ్చింది. గోడ కింద మూసుకుపోయిన కాలవ తెరవాలి.”

పశువుల మాట ఉన్న కాగితం ఏదైనా పై ఆఫీసుకి అక్క సంతకంతోనే వెళ్ళాలని వాళ్ళ పద్ధతి. కింద సంతకం చేసి, ఒకసారి చూడమని అన్నయ్యకిచ్చింది. మర్నాడు ఇంకో ఊళ్ళో గొర్రెలకేదో తెగులొచ్చిందని పిలిస్తే వెళ్ళింది.

ఆవిడ తిరిగొచ్చేలోపు ప్రకటన సందు మొగలో అంటించారు. పాలకని వెళ్ళి నేనే ముందు చూశాను. దాని మీద ఇలా ఉంది: “ఈ సందులోని ఆవులకి జబ్బు వచ్చింది. మనుషులకి కూడా వచ్చింది. జ్వరం ఉన్నవాళ్ళు వెంటనే పెద్దాసుపత్రికి రావాలి. మందులు ఉచితం.” కింద మా అక్క సంతకం, ఆవిడ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను. పైనున్నది మార్చి, కిందున్నది అలాగే దించేశారు.

రెండుసార్లు చదివాను. ఒక్క అబద్ధం లేదు. ఆవులకి జబ్బు వచ్చిన మాట నిజం, మనుషులకి వచ్చిన మాటా నిజం. నీళ్ళు లేవు, ఎలుకలు లేవు, గోడ లేదు, అంతే. ఇంక ఆ ‘కూడా’ ఆవుల దగ్గర్నుంచి లేచి మనుషుల పక్కన కూర్చుంది. తెలుగు తెలిసినవాళ్ళనెవరినైనా అడగండి. ‘కూడా’ ఎవరి పక్కనుంటే వాళ్ళు తర్వాత తగులుకున్నవాళ్ళు, ముందున్నవాళ్ళే మొదలుపెట్టినవాళ్ళు. ఆ ఒక్క మాట జరపడానికి ఎంత తెలివి కావాలో, ఎంత చల్లటి గుండె కావాలో నేను ఊహించగలను. నాకు ఒళ్ళు మండిపోయింది. చింపేద్దామనుకున్నాను కానీ అప్పటికే జనం మూగి చదువుతున్నారు.

మధ్యాహ్నానికల్లా పాలు పోయించుకునేవాళ్ళు మానేశారు. మా అత్తగారు కూడా మానెయ్యమంది. అది అక్క రాసింది కాదత్తయ్యా అంటే, “సంతకం పెట్టిందిగా, తెలియకుండానే పెట్టిందా” అని నా నోరు మూయించింది. నాలుగు రోజులకి ఊరి శుభ్రత చూసే ఆఫీసునుంచి బండి వేసుకొచ్చి కొట్టం ఎత్తెయ్యాలన్నారు. ఎక్కడికి తోలుకుపోతుంది పెద్దమ్మ? అడిగినవాడికల్లా అడిగిన ధరకి ఇచ్చేసింది. అత్తగారు ఆవు బండెక్కనని మొరాయిస్తే తోక మెలిపెట్టి ఎక్కించారు. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

అక్క ఊరినుంచి దిగి, సంచీ కూడా లోపల పెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళింది. అన్నయ్య బుకాయిస్తాడనుకుంది. ఆయన బుకాయించలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, శాంతంగా చెప్పాడట. గోడ మాట ఉంటే ఆ కాగితం పై ఆఫీసు గుమ్మం దాటదు. అది దాటకపోతే మందులు రావు. మందులు రాకపోతే ఇంకో నలుగురు పోయేవాళ్ళు. ఆవులు పోయాయి, మనుషులు బతికారు, నువ్వే చెప్పు ఏది నయమో అన్నాడట. కొద్ది రోజుల్లో ఆయన ఆ ఆసుపత్రికి పెద్ద కాబోతున్నాడన్న సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, తర్వాత ఊరు చెప్పింది.

మందులొచ్చిన మాట నిజమే. జనం బతికిన మాటా నిజమే. అందుకే అక్కకి గట్టిగా పోట్లాడ్డానికి నోరు రాలేదు. లేచేముందు ఒక్కటే అడిగింది.

“నాకు ఒక్క మాట చెప్పి మార్చొచ్చు కదా అన్నయ్యా?”

“చెప్తే నువ్వు ఒప్పుకోవని తెలుసు కదమ్మా” అన్నాడాయన.

ఇది నాకు చెప్పి అక్క నా మిషను పక్కన కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళలో అంతలా ఏడవడం నేను చూడలేదు. ఆవిడ గురించి తెలియనివాడు చేసిన పని కాదది. ఆవిడ ఎక్కడ ఒప్పుకోదో బాగా తెలిసినవాడు, సరిగ్గా ఆ చోటు తప్పించి, ఆవిడ పేరే వాడుకుని చేసిన పని. పై ఆఫీసుకి ఉత్తరం రాసింది. అందిందని జవాబొచ్చింది. అంతటితో సరి.

నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది కూడా. ఆ రాత నాది కాదంది. పెద్దమ్మ పొయ్యి ఊదుతూ తలెత్తకుండా అడిగింది.

“సంతకం నీదేనా?”

“నాదే.”

“వాటి తలలు నేనే పట్టుకున్నానమ్మా. నమ్మి నిలబడ్డాయి అవి.”

ఆ తర్వాత అక్కతో ఒక మాట మాట్లాడలేదు. దొంగల్లా తిరిగొచ్చాం.

ఆ ఏడాదంతా మా అక్క మారిపోయింది. పని మానలేదు, కానీ అన్నయ్యని సార్ అనడం మొదలుపెట్టింది. ‘కూడా’ అనే మాట నోటికొస్తే మింగేసేది. వంటింట్లో “పప్పు కూడా దించనా” అనాల్సిన చోట కాసేపు ఆగి, “పప్పూ దించేస్తాను” అనేది. మా బావగారు అదేదో కొత్త అలవాటనుకుని నవ్వాడు. నేను ఆయన కంచంలో పప్పు రెండు గరిటెలు ఎక్కువ వేసి మాట మార్చాను.

మళ్ళీ వానలొచ్చాయి. గోడ ఉంది, కాలవ లేదు, సందు మళ్ళీ నిండింది. ఈసారి చూపించడానికి ఒక్క ఆవు కూడా లేదు. అయినా జ్వరాలొచ్చాయి. అక్కకి అది తెలిసిన సంగతే, కానీ రుజువైందని సంతోషించే మనిషి కాదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తనొక జత వేసుకుని, నాకొక జత వేయించి, పెట్టె పట్టుకుని సందులోకి దిగింది. ఏ గుమ్మం దగ్గరికెళ్ళినా తలుపు వేసేసుకున్నారు. ఒకావిడ మొహాన్నే అనేసింది, మా ఇంట్లో ఆవుల్లేవు, ఇంకేం పట్టుకుపోతారని.

కొసనున్న పెద్దమ్మ ఇంటి తలుపు మాత్రం తీసి ఉంది. పెద్దమ్మ ఇప్పుడు గోదాముల దగ్గర హోటల్లో గిన్నెలు తోముతోంది. లోపల మంచం మీద కోడలు మూలుగుతోంది. గుమ్మంలోంచే దాని కళ్ళు కనిపించాయి, ఎర్రగా, అంచులు పచ్చగా. అక్క మొహం పాలిపోయింది. నాకు చిన్నగా చెప్పింది, ఇవాళే ఆసుపత్రిలో పడాలి, లేకపోతే మూత్రపిండాలు పోతాయని. గట్టిగా పెద్దమ్మతో కూడా అదే చెప్పింది. ఇది నీళ్ళవల్ల వచ్చింది, గోడవల్ల వచ్చింది, పోయినేడూ అలాగే వచ్చింది, పిల్లని నాతో పంపించండి అని బతిమాలింది. ఆ రోజు నిజం మొత్తం నడిసందులో నిలబడి చెప్పింది. నలుగురూ విన్నారు.

పెద్దమ్మ ఆవిడవంక తేరిపార చూసింది.

“నా ఆవులకేం కాదని చెప్పిననాడు కూడా నీ మొహం ఇలాగే ఉందమ్మా. నిన్ను నమ్మి పిల్లని పంపించలేను. ఆ పెద్ద డాక్టరుగారు వచ్చి చెప్తే పంపిస్తాను. పోయినేడు సందులో అందరికీ మాత్రలు తన చేత్తో ఇచ్చాడు. ఆయన మాటంటే మాకు గురి.”

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. నాకు కోపం నషాళానికెక్కింది. ఆ కాగితం మార్చింది ఎవరనుకుంటున్నావు పెద్దమ్మా అని అడిగెయ్యడానికి నోరు తెరిచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. పక్కకి లాగి, “ఆయన మీద గురీ పోగొడితే ఆ పిల్ల ఎవరి మాట విని ఆసుపత్రికెళ్తుంది?” అంది. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

అక్క ఫోను తీసింది. సార్ అంటే ఎవరో చిన్న డాక్టర్ని పంపిస్తాడని ఆవిడకి తెలుసు. ఏడాదిగా సార్ అంటున్న మనిషి, కళ్ళు మూసుకుని, “అన్నయ్యా, ఒకసారి మీరే రావాలి” అంది.

ఆయన వచ్చాడు. సందు మొగలో కారు ఆపి, వెనక డిక్కీ తీసి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని దిగాడు. నేను బూట్లు వేసుకుంది అక్క చెప్పబట్టి. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ నీళ్ళలో ఏముందో ఆయనకి తెలుసు. ఆయన అడుగులకి చిమ్మిన నీళ్ళు అటూ ఇటూ నిలబడ్డవాళ్ళ ఉత్త కాళ్ళ మీద పడ్డాయి. ఎవరూ వెనక్కి జరగలేదు. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముసలివాళ్ళు దండాలు పెట్టారు. ఆయన అందర్నీ పేరుపేరునా పలకరించాడు. నీళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దమ్మ కోడలి పక్కన కూర్చుని, చెయ్యి తీసుకుని, “ఏం భయం లేదమ్మా, నేనున్నాను” అన్నాడు. ఆ పిల్ల చెయ్యి చాపింది. ఆయన రక్తం తీశాడు, అక్క పక్కన నిలబడి సీసా అందించింది. ఆసుపత్రికి వెళ్దామంటే పెద్దమ్మ మారుమాట్లాడకుండా బట్టలు మూటకట్టింది. ఆయన లేస్తూ, మాకు మాత్రమే వినపడేట్టు, ప్రేమగానే అక్కతో అన్నాడు, “అడిగే పద్ధతి ఒకటుంటుందమ్మా.”

కోడల్ని కారెక్కించాక పెద్దమ్మ వెనక్కొచ్చి అక్క ముందు నిలబడింది. ఏడాది తర్వాత తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

“ఆయన్ని చూసి నేర్చుకో తల్లీ. మాటంటే మాట మీద నిలబడే మనిషి.”

“అలాగే పెద్దమ్మా” అంది అక్క.